మసక ఎర్రదీపం, వేల్స్ కొండదారి: పాత ఎంజీబీలో మా ప్రయాణం

ఆక్స్‌ఫర్డ్ దగ్గరి ఆబింగ్డన్‌లో బయలుదేరి, కాట్స్‌వోల్డ్స్ పల్లెల మీదుగా వేల్స్ సరిహద్దులోని హే-ఆన్-వై చేరడం, అక్కడి నుంచి గాస్పెల్ పాస్ కనుమ దాటి ఆబర్‌గవెన్నీలో దిగడం: ఇదీ మా దారి. కొత్త కారులో వెళ్లేవాళ్లు బస ఎంచుకునేటప్పుడు గది ఎలా ఉంది, పొద్దున ఏం పెడతారు అని చూస్తారు. యాభై ఏళ్లు దాటిన స్పోర్ట్స్ కారుతో వెళ్లేవాళ్లు ముందుగా అడగవలసినవి వేరు. కారు పెట్టుకునే చోట వెలుతురు ఉందా? బానెట్ ఎత్తి గంటసేపు పని చేసుకుంటే ఎవరికైనా అభ్యంతరమా? ఈ దారిలో మా అనుభవాన్ని ఆ లెక్కనే రాస్తున్నాను.

మాది 1972 ఎంజీబీ జీటీ, ఎంజీ అనే బ్రిటిష్ కంపెనీ చేసిన స్పోర్ట్స్ కారు. నాతో వచ్చినవారు మా మామయ్యగారు. గుడివాడ ఆర్టీసీ డిపోలో ఆటో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరయ్యారు. కూతురిని, మనవలను చూడటానికి ఇంగ్లండ్ వచ్చినా, ఆయన చూపు ఎక్కువగా నిలిచింది మా గరాజ్ మీదే. బస్సుల్లో ఇరవై నాలుగు వోల్టులు, దీనిలో పన్నెండు. అంతకు మించి ఆయనకు కొత్తగా తోచినదేమీ లేదు.

ఆబింగ్డన్ నుంచి మొదలుపెట్టడం భావోద్వేగంతోనే. 1929 నుంచి 1980 వరకు ఎంజీ కార్లు తయారైన ఊరు అది. 1962లో మొదలైన ఎంజీబీ, ఫ్యాక్టరీ మూతపడే దాకా, ఐదు లక్షలకు పైగా ఇక్కడి నుంచే బయటికి వెళ్లింది. ఫ్యాక్టరీ పక్కనే ఎంజీ కార్ క్లబ్ కార్యాలయం ఇప్పటికీ ఉంది. ఊరి నడిబొడ్డున 17వ శతాబ్దపు కౌంటీ హాల్‌లో మ్యూజియం, అందులో ఒక ఎంజీబీ. థేమ్స్ ఒడ్డున నడవడానికి ఎంతో బాగుంటుంది. పాత కారు మీద అభిమానం లేనివాళ్లకు ఒక పూట చాలు, ఉన్నవాళ్లకు ఒక రోజైనా కావాలి.

బోర్టన్-ఆన్-ది-వాటర్ గురించి ఎక్కువ చెప్పను. ఊరి మధ్యలో పారే చిన్న నది, దాని మీద పొట్టి రాతి వంతెనలు, వేసవిలో అడుగు వేయడానికి వీల్లేనంత జనం. పాత మరలో పెట్టిన కాట్స్‌వోల్డ్ మోటరింగ్ మ్యూజియం మాత్రం తప్పక చూడాలి. పాత కార్లతో పాటు రేకు మీద ఎనామెల్ పూసిన వాణిజ్య ప్రకటనలు గోడల నిండా ఉన్నాయి. మేము దిగిన సత్రం లాంటి పాత హోటల్లో పడక మెత్తగా ఉంది, భోజనమూ బాగుంది. కానీ కారును దూరంగా, అందరూ వాడే చోట పెట్టాల్సి వచ్చింది. పాత కారుతో అయితే నేను మళ్లీ అక్కడ దిగను.

వర్షం చెల్టన్‌హామ్ దాటాక పట్టుకుంది. లెడ్‌బరీ దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమే సాయంత్రంలా మబ్బు కమ్మింది. వైపర్లు, అద్దం మీద ఆవిరి పోవడానికి హీటరు ఫ్యాను, హెడ్‌లైట్లు అన్నీ వేశాం. అప్పుడు డాష్‌బోర్డు మీద చార్జింగ్ దీపం వెలిగింది. నిండుగా కాదు, చీకటి పడకపోతే కనిపించనంత మసక ఎరుపు.

ఈ దీపం వెలిగితే మొదట చూడాల్సింది బ్యాటరీని కాదు, ఇంజిన్ ఉష్ణోగ్రత ముల్లును. ఇంజిన్ నడుస్తుండగా కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది ఆల్టర్నేటర్. ఎంజీబీలో దాన్ని తిప్పే బెల్టే నీళ్ల పంపునూ తిప్పుతుంది. బెల్టు తెగితే చార్జింగ్‌తో పాటు ఇంజిన్ చల్లబడటమూ ఆగిపోతుంది. ఆ స్థితిలో రెండు మైళ్లు నడిపినా వేడికి ఇంజిన్ పైభాగం కింద ఉండే హెడ్డు గాస్కెట్ పోవచ్చు. ముల్లు తన చోటే ఉంది. లెడ్‌బరీలో కొయ్య స్తంభాల మీద నిలబడ్డ పాత మార్కెట్ హౌస్ కనిపించే చోట ఆపి బానెట్ ఎత్తాం. బెల్టు బిగువుగా ఉంది, పొడవాటి వైపు వేలితో నొక్కితే అరంగుళం లోపలికి వెళ్లింది.

మామయ్యగారు మళ్లీ లోపల కూర్చుని, “అల్లుడు గారూ, ఇంజిన్ ఆపకండి. ఒక్కొక్కటే తీసేస్తూ రండి” అన్నారు. హెడ్‌లైట్లు ఆపితే దీపంలో తేడా లేదు. వైపర్లు ఆపితే కొంచెం తగ్గింది. ఫ్యాను కూడా ఆపేసరికి ఆరిపోయింది. ఫ్యాను వేయగానే మళ్లీ మసగ్గా వెలిగింది. “ఆల్టర్నేటర్ నీరసించి ఉంటే హెడ్‌లైట్లకే ముందు తెలియాలి కదా! అవి ఏమీ చేయకుండా ఫ్యాను ఎందుకు చేస్తోంది?” అన్నారు. రోగం ఏమిటో ఆ ప్రశ్నలోనే ఉంది. కానీ రోడ్డు పక్కన, వానలో దాని అంతు చూసే పరిస్థితి లేదు.

రోడ్డు సహాయ సంస్థకు ఫోను చేశాం. వచ్చిన యువకుడు ఇలాంటి కారును అరుదుగా చూసి ఉంటాడు, కానీ పద్ధతిగా పనిచేశాడు. ఈ కారులో బ్యాటరీ ముందు ఉండదు. ఆరు వోల్టులవి రెండు, వెనక సీటు కింద దాక్కుని ఉంటాయి. సామానంతా దించి, మూత తీసి, మీటరు పెట్టాడు. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు 12.5 వోల్టులు, కాస్త రేజ్ చేస్తే 14.1. “చార్జింగ్ అవుతోంది. మీరు ఆగిపోరు. దీపం ఎందుకు వెలుగుతోందో నేను చెప్పలేను” అన్నాడు. తనకు తెలిసినంతే చెప్పిన ఆ మాటకు నేను నూటికి నూరు మార్కులు వేస్తాను. ఏడాది చందా కట్టే సేవల్లో మనిషి ఎంత త్వరగా వచ్చాడన్నది ఒక్కటే కొలవకూడదు, మీటరు బయటికి తీశాడా లేదా అన్నదీ చూడాలి.

హెర్ఫర్డ్ శివార్లలో ఒక గరాజ్ తెరిచి ఉంటే అక్కడా ఆగాం. అక్కడి మెకానిక్ దీపాన్ని చూశాడు, ఆల్టర్నేటర్ వైపు వేలు చూపించాడు, మార్చేయాలన్నాడు. వస్తువు తెప్పించడానికి రెండు రోజులు, అంతవరకు కారు అక్కడే ఉంచాలి. లెడ్‌బరీలో తీసిన రీడింగులు చెప్పినా, పాత లూకస్ కంపెనీ కరెంటు సామానంతా ఇంతే అంటూ కొట్టిపారేశాడు. ఇలాంటి గరాజ్‌ల వల్లే మంచి ఆల్టర్నేటర్లు చెత్తలోకి పోతున్నాయి. కొత్తది బిగించినా మర్నాడు వానలో అదే దీపం మళ్లీ వెలిగేది. ఆయన దగ్గర సెలవు తీసుకుని, ఫ్యాను ఆపుకుని, అద్దం గుడ్డతో తుడుచుకుంటూ హే చేరాం.

హేలో మా బస, ఊరి మధ్య నుంచి కొంచెం నడవాల్సిన ఒక పాత రాతి ఇల్లు. గది చిన్నది, మెట్లు ఇరుకు, స్నానాల గదిలో వేడినీళ్లు రావడానికి కాసేపు ఆగాలి. అయినా ఈ ప్రయాణం మొత్తంలో మంచి బస అదే. ఇంటి వెనక గచ్చు చేసిన పెరడు, దానికి పైకప్పున్న మూల, ఒక పెద్ద దీపం, కరెంటు సాకెట్. ఇంటావిడ మేము అడగకముందే పాత దుప్పటి ఒకటి తెచ్చి, డాష్‌బోర్డు కింద పడుకోవాలంటే వీపుకు వేసుకోమని ఇచ్చింది.

పొద్దున్నే మామయ్యగారు పని మొదలుపెట్టారు. ఈ దీపం పనితీరు తెలిస్తే మిగతాదంతా దానంతటదే విడిపోతుంది. దీపానికి ఒక కొస ఇగ్నిషన్ స్విచ్చి నుంచి వచ్చే తెల్ల తీగకు, రెండో కొస ఆల్టర్నేటర్ నుంచి వచ్చే గోధుమ-పసుపు రంగుల తీగకు కలిపి ఉంటుంది. ఇంజిన్ ఆగి ఉండగా తాళం తిప్పితే బ్యాటరీ కరెంటు దీపం గుండా ఆల్టర్నేటర్ లోపల తిరిగే రోటరులోకి పోతుంది కాబట్టి నిండుగా వెలుగుతుంది. ఇంజిన్ తిరిగాక రెండు వైపులా ఒకే వోల్టేజీ వస్తుంది. గొట్టంతో కలిపిన రెండు తొట్లలో నీళ్లు ఒకే మట్టానికి వచ్చాక ప్రవాహం ఆగినట్టు దీపం ఆరిపోతుంది. మసగ్గా వెలుగుతోందంటే రెండు మట్టాలు కొంచెం తేడాగా ఉన్నాయన్న మాట. ఆ తేడా ఆల్టర్నేటర్ వైపు తగ్గడం వల్ల వచ్చిందా, తెల్ల తీగ వైపు తగ్గడం వల్లా? ఇదొక్కటే తేల్చాలి.

ఫ్యాను, వైపర్లు వేసి, ఇంజిన్ కాస్త రేజ్ చేసి పట్టుకున్నాను. ఆయన మీటరు నల్ల కొసను బ్యాటరీ ఎర్త్‌కు కలిపి, ఎర్ర కొసను ఒక్కొక్క చోటా ఆనిస్తూ పోయారు. ఆల్టర్నేటర్ దగ్గర 14.3. స్విచ్చిలోకి వెళ్లే లావు గోధుమ తీగ మీద 13.9. స్విచ్చి నుంచి బయటికి వచ్చే తెల్ల తీగ మీద 12.1. ఆ అంకె చూసి ఆయన మీటరు కింద పెట్టేశారు. స్విచ్చి దగ్గరే దాదాపు రెండు వోల్టులు మాయమవుతున్నాయి. ఫ్యాను, వైపర్లు ఆ తెల్ల తీగ దారిలోనే కరెంటు తీసుకుంటాయి, హెడ్‌లైట్లు తీసుకోవు. ముందు రోజు ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ ఎప్పుడూ ఊడదీయకూడదు, ఆల్టర్నేటర్ లోపలి డయోడ్లనే సున్నితమైన భాగాలు కాలిపోవచ్చు. ఈ కార్లలో గోధుమ తీగలకు ఫ్యూజు ఉండదు, తాళం తీసినా కరెంటు ఉంటుంది. అందుకే ఇంజిన్ ఆపి, బ్యాటరీ ఎర్త్ తీగ ఊడదీసిన తర్వాతే మామయ్యగారు దుప్పటి మీద పడుకుని స్టీరింగ్ కింద చేయి పెట్టారు.

ప్లగ్గు విడదీసి బయటికి తెచ్చి చూపించారు. తెల్ల తీగ ఉన్న రేకు మొన నల్లగా మారింది. దాని చుట్టూ ప్లాస్టిక్ వేడికి గోధుమ రంగు తిరిగి, అంచు కొంచెం కుంగింది. ఎదుటి మొనను పట్టుకోవాల్సిన మడతలు వదులయ్యాయి. ఆయన సన్న గరుకు కాగితంతో లోహం మెరిసే దాకా రుద్ది, చిన్న కటింగ్ ప్లయరుతో మడతలు బిగించి, మళ్లీ తొడిగారు. తొడిగేటప్పుడు గట్టిగా పట్టిందో లేదో చెవి దగ్గర పెట్టి విన్నారు. తర్వాత ఫ్యాను, వైపర్లు వేసి అదే చోట కొలిస్తే 13.6. ఇంటావిడ వరండా తలుపు మూసి కారున్న మూలను చీకటి చేసింది. డాష్‌బోర్డు మీద దీపం వెలగలేదు.

ఆ పూట హే ఊరు చూశాం. ఎక్కడ చూసినా పాత పుస్తకాల దుకాణాలే. పుస్తకాల ఊరన్న పేరు తెచ్చిపెట్టిన దుకాణదారు రిచర్డ్ బూత్ 1977 ఏప్రిల్ 1న తనను తాను హే రాజుగా ప్రకటించుకున్నాడు. బాగుచేసి 2022లో తెరిచిన కోట పైనుంచి వై నది లోయ చక్కగా కనిపిస్తుంది. మే నెలాఖరు పుస్తకాల పండుగ రోజుల్లో గది దొరకడం కష్టం, పాత కారుకు నీడ దొరకడం ఇంకా కష్టం. ఆ వారం వదిలేయండి.

గాస్పెల్ పాస్ 549 మీటర్ల ఎత్తు, వేల్స్‌లో తారు రోడ్డు ఎక్కే అత్యంత ఎత్తైన కనుమ. హే బ్లఫ్ కింద బయలు ప్రదేశం రాగానే గుర్రాలు, గొర్రెలు రోడ్డు మీదే నిలబడి ఉంటాయి. అవతలి వైపు దారి ఒక్క కారుకే సరిపోతుంది, ఎదురుగా వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. ఎంజీబీ వెడల్పు తక్కువ కాబట్టి మాకు సుఖమే. కానీ రెండో గేరులో, నెమ్మదిగా, వైపర్లతో, ఫ్యానుతో ఎక్కాలి. ముందు రోజు స్థితిలో నేను ఈ దారి పట్టేవాణ్ణి కాదు. కిందికి దిగాక లాన్‌థొనీ ప్రయరీ అనే పాత క్రైస్తవ మఠం శిథిలాలు వస్తాయి. 12వ శతాబ్దంలో మొదలైన ఆ మఠం తోరణాలు వరసగా నిలబడి ఉన్నాయి, వాటి మధ్య నుంచి కొండ కనిపిస్తుంది. టికెట్ లేదు. మామయ్యగారు ఈ మొత్తం ప్రయాణంలో ఎక్కువసేపు కూర్చున్నది అక్కడి గడ్డి మీదే.

హే వదిలాక ఆ కొండదారిలో పెట్రోలు బంకు లేదు, ట్యాంకు నింపుకునే బయలుదేరండి. ఆబర్‌గవెన్నీ మంచి పెద్ద ఊరు, తిండికీ సామానుకూ ఇబ్బంది లేదు. అక్కడ ఆటో విడిభాగాల దుకాణంలో కొత్త రేకు మొనలు, గోధుమ తీగ ఒక మీటరు కొన్నాం. వేడికి కుంగిన ప్లగ్గును అలాగే నమ్మడం మామయ్యగారికి ఇష్టం లేదు. ఇంటికి రాగానే దాన్ని మార్చి, ఫ్యానుకూ వైపర్లకూ విడిగా ఒక రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చి, పెట్టించారు. ఇప్పుడు వాటి బరువు ఇగ్నిషన్ స్విచ్చి మీద పడదు. అదే పరీక్షలో తెల్ల తీగ మీద 14 వోల్టులు చూపిస్తోంది.