హ్యాకర్ న్యూస్ చాలా ఏళ్లు చదివాక: మంచి వ్యాసాలు ఎక్కడ ఆగిపోతున్నాయి?

సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్లలో చాలామందికి హ్యాకర్ న్యూస్ తెలుసు. కొత్త కంపెనీల్లో పెట్టుబడి పెట్టే వై కాంబినేటర్ నడిపే సైట్ ఇది. 2007 ఫిబ్రవరిలో ఆ సంస్థ స్థాపకుల్లో ఒకడైన పాల్ గ్రాహం స్టార్టప్ న్యూస్ అన్న పేరుతో మొదలుపెట్టి, అదే ఏడాది ఇప్పటి పేరు పెట్టాడు. ఎవరైనా ఒక లింకు పెట్టొచ్చు. నచ్చినవాళ్లు పక్కనున్న బాణం గుర్తు నొక్కుతారు. ఓట్లు పడినవి మొదటి పేజీకి వస్తాయి. పేజీకి 30 లింకులు, పైన ఒక నారింజ రంగు పట్టీ, అంతే. బొమ్మలు లేవు, వాటంతట అవే మోగే వీడియోలు లేవు. రైల్లో సిగ్నల్ సరిగా లేనప్పుడు కూడా టక్కున తెరుచుకుంటుంది. ఇన్నేళ్లలో ఆ సాదా రూపం మీద నాకు విసుగు రాలేదు.

మొదటి పేజీ గురించి నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. డేటాబేస్‌ల గురించి, నెట్‌వర్క్‌ల గురించి నేను ఉద్యోగంలో వాడుకున్న సంగతులు చాలావరకు అక్కడ దొరికినవే. ఒక సాఫ్ట్‌వేర్ గురించి చర్చ నడుస్తుంటే దాన్ని రాసిన మనిషే కామెంట్లలోకి వచ్చి జవాబు చెప్పడం ఇంకెక్కడా ఇంత తరచుగా చూడలేదు. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం మొదటి పేజీకి కాకుండా, పట్టీ మీద 'న్యూ' అని ఉండే పేజీకి కేటాయిస్తున్నాను. చాలామంది రోజూ ఈ సైట్ చూస్తూ కూడా దాన్ని ఒక్కసారీ నొక్కి ఉండరు.

పెట్టిన ప్రతి లింకూ ముందు అక్కడికే వస్తుంది. కొత్తది పైన, పాతది కింద. పనివేళల్లో, అంటే అమెరికాలో పగలు, కొత్త లింకులు ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉంటాయి. కాసేపట్లో మీ లింకు రెండో తెరకి, ఆ తర్వాత ఎవరూ దిగని లోతుకి వెళ్లిపోతుంది. ఈ మధ్యలో నాలుగైదు ఓట్లు పడితే మొదటి పేజీ అంచు అందుకుంటుంది. అక్కడ చూసే కళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి ఆ తర్వాత ఓట్లు వాటంతట అవే వస్తాయి. పడకపోతే అంతటితో సరి. ఆ వ్యాసాన్ని ఎవరూ చదివి కాదనలేదు. అసలు ఎవరూ చదవలేదు.

లెక్క చూస్తే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఈ సైట్‌ను ఆర్క్ అనే భాషలో రాశారు. బయటికి వచ్చిన ఆ కోడ్ ఆధారంగా సాధారణంగా చెప్పే సూత్రం చిన్నదే. ఓట్లలోంచి ఒకటి తీసేయాలి, దాన్ని లింకు వయసుతో భాగించాలి. వయసు అంటే గంటలకు రెండు కలిపి, 1.8 ఘాతానికి పెంచిన సంఖ్య. గంట వయసున్న లింకుకి 5 ఓట్లుంటే వచ్చే స్థానం, ఆరు గంటల వయసున్న లింకుకి రావాలంటే సుమారు 24 ఓట్లు కావాలి. అసలు సైట్‌లో దీని మీద మరికొన్ని సవరణలు నడుస్తాయి గానీ దిశ మాత్రం ఇదే. తొలి గంటలో పడే ఒక్క ఓటు సాయంత్రానికి పడే ఐదారు ఓట్లతో సమానం.

ఇప్పుడు నలభై నిమిషాలు కూర్చుని చదవాల్సిన వ్యాసాన్ని ఊహించుకోండి. పాత కంపైలర్‌లో ఒక లోపాన్ని వారాల తరబడి వెతికి పట్టుకున్న కథ అనుకుందాం. దాన్ని తెరిచినవాళ్లు నిజాయితీగా చివరిదాకా చదివి, వెనక్కి వచ్చి ఓటేయాలంటే గంట పడుతుంది. చాలామంది తర్వాత చదువుదామని ట్యాబ్ తెరిచి పెట్టుకుంటారు, తిరిగి రారు. అదే గంటలో 'ఫలానా కంపెనీ ధర పెంచింది' అన్న వార్తకి శీర్షిక చూసే ఓటు పడిపోతుంది. చదవడానికి ఎంత ఎక్కువ సమయం కావాలో అంత నష్టం. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కానీ ఓపిగ్గా రాసిన మనిషికే దెబ్బ తగులుతుంది, అది నాకు బాధగా ఉంటుంది.

శీర్షికల సంగతి కూడా ఇలాంటిదే. మూలంలో ఉన్న శీర్షికనే పెట్టాలని, సొంత వ్యాఖ్యానం చేర్చకూడదని నియమం. ఊరించే శీర్షికలైతే మార్చమంటారు. నేను ఈ నియమాన్ని గట్టిగా సమర్థిస్తాను, సైట్ ఇంకా చదవదగ్గదిగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. అయితే వినయంగా రాసేవాళ్లు 'ఫలానా దాని మీద కొన్ని గమనికలు' అని పేరు పెడతారు. లోపల ఎంత సరుకున్నా ఆ పేరు చూసి ఆగే మనిషి తక్కువ.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఒకే లింకును ఇద్దరు కాస్త ఎడంలో పెడితే రెండోది విడిగా రాదు, మొదటిదానికి ఓటుగా కలుస్తుంది. ప్రసిద్ధ పత్రికలో వార్త వచ్చిందనుకోండి, నిమిషాల తేడాతో పదిమంది పెడతారు. అంటే ఎవరూ 'న్యూ' పేజీ చూడకపోయినా దానికి కావలసిన తొలి ఓట్లు సమకూరిపోతాయి. ఎవరికీ తెలియని బ్లాగు వ్యాసాన్ని పెట్టేవాడు ఒక్కడే ఉంటాడు. స్నేహితుల్ని అడిగి ఓట్లు వేయించుకోవడం నిషేధం, అలాంటివి పట్టుకునే ఏర్పాటు కూడా ఉంది. అది ఉండాల్సిందే. కానీ దాంతో తెలియని రచయితకి అపరిచితుల దయ తప్ప ఇంకో దారి మిగలదు.

మన దగ్గర్నుంచి పెట్టేవాళ్లకి గడియారం ఇంకో అడ్డు. హైదరాబాద్‌లో పొద్దున తొమ్మిదికి పెడితే వేసవిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, న్యూయార్క్‌లో పదకొండున్నర. వాళ్లు మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చునేసరికి లింకు ముసలిదైపోతుంది. ఇలాగే ఓట్లతో నడిచే రెడ్డిట్ అనే సైట్‌లోనూ ఇదే తంటా. దాని కోడ్ బహిరంగంగా ఉన్న రోజుల్లో కనిపించిన సూత్రం ప్రకారం ప్రతి 45,000 సెకన్లకు, అంటే పన్నెండున్నర గంటలకు, పాత పోస్టు తన స్థానం నిలుపుకోవాలంటే పది రెట్ల ఓట్లు కావాలి. వేసవిలో హైదరాబాద్‌కీ శాన్‌ఫ్రాన్సిస్కోకీ తేడా కూడా సరిగ్గా పన్నెండున్నర గంటలే. నా స్నేహితుడు ఒకడు విజయవాడ నుంచి ఇలాంటి ఒక సైట్‌లో తన వ్యాసం పెట్టి, ఒక్క ఓటూ రాక, తను రాసింది పనికిరానిదేమో అనుకున్నాడు. బ్రౌజర్లలో తెలుగు ఒత్తులు ఎలా గీస్తారో అంత వివరంగా చెప్పిన వ్యాసం నేను ఇంకోటి చూడలేదు. సున్నా ఓట్లను తీర్పుగా తీసుకుని వాడు రాయడం ఆపేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పరిశోధకులు కూడా దీన్ని కొలిచారు. ఎరిక్ గిల్బర్ట్ 2013లో రెడ్డిట్ మీద చేసిన అధ్యయనంలో, బాగా పాపులర్ అయిన లింకుల్లో 52 శాతం మొదటిసారి పెట్టినప్పుడు ఎవరి కంటా పడలేదని తేలింది. అదే లింకు, అదే సైట్. రెండోసారో మూడోసారో వేరే ఎవరో పెడితే పైకి వెళ్లింది. అదే ఏడాది ఇంకో బృందం ఒక వార్తల సైట్‌లో లక్షకు పైగా కామెంట్ల మీద ప్రయోగం చేసింది. కొన్నింటికి మొదట్లోనే ఒక ఓటు అదనంగా వేసి వదిలేస్తే వాటి తుది స్కోరు సగటున 25 శాతం పెరిగింది. అంతకుముందు 2006లో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ 14,000 మందికి పైగా జనంతో, ఎవరికీ తెలియని 48 పాటలతో, మిగతావాళ్ల ఇష్టాలు చూపిస్తే ఏమవుతుందో ఒక పరీక్ష చేశారు. బాగా మంచివి మరీ అడుక్కి పోలేదు, బాగా చెడ్డవి మరీ పైకి రాలేదు, మధ్యలో ఉన్నవి మాత్రం ఎటైనా పోయాయి. ఆ పరీక్షలో జనం పాటలు విన్నారన్నది గుర్తుపెట్టుకోవాలి. 'న్యూ' పేజీలో ఆ వినడం దగ్గరే ఆగిపోతోంది.

నిర్వాహకులకు ఇదంతా తెలుసు, చేతులు ముడుచుకుని కూర్చోలేదు కూడా. గుర్తింపు రాని మంచి లింకుల్ని ఏరి 'సెకండ్ ఛాన్స్' అనే జాబితాలో పెడతారు. అక్కడి నుంచి ఒక్కోటీ మొదటి పేజీ అడుగు భాగంలోకి వస్తుంది. జనం పట్టించుకుంటే నిలుస్తుంది, లేకపోతే జారిపోతుంది. కొన్నిసార్లు పెట్టినవాళ్లకే ఈమెయిల్ రాసి మళ్లీ పెట్టమంటారు. ఏడాది కాలంలో సరైన చర్చ జరగని లింకును కొద్దిసార్లు తిరిగి పెట్టడానికి అనుమతి ఉంది. మనుషులు కూర్చుని చదివి ఏరడం వల్లే నేను చదివిన గొప్ప వ్యాసాల్లో కొన్ని బతికాయని నా నమ్మకం. ఓట్ల కంటే కామెంట్లు ఎక్కువైపోయి గొడవగా మారిన చర్చను కిందికి నెట్టే ఏర్పాటు కూడా ఉంది. మంచిదే, కానీ అప్పుడప్పుడు నిజంగా వాదించదగ్గ వ్యాసం కూడా దానితో పాటు దిగిపోతుంది.

ఇదే తరహాలో 2012లో మొదలైన లాబ్‌స్టర్స్ కూడా చూస్తుంటాను. ఆహ్వానం ఉంటేనే చేరగలం, జనం తక్కువ, లింకులు తక్కువ, కాబట్టి ఒక్కో లింకూ ఎక్కువసేపు కనిపిస్తుంది. లోతైన వ్యాసానికి అక్కడ ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది. కానీ రకరకాల రంగాల మనుషులు హ్యాకర్ న్యూస్‌లో ఉన్నంతగా అక్కడ లేరు. అందుకే రెండూ చూస్తాను, ఒక్కటే ఉంచుకోమంటే హ్యాకర్ న్యూస్‌నే ఉంచుకుంటాను.

సాఫ్ట్‌వేర్, సైన్స్ మీద ఆసక్తి ఉండి, ఇంగ్లిష్ చదవడం ఇబ్బంది లేనివాళ్లందరికీ ఈ సైట్ సిఫార్సు చేస్తాను. మీరు రాసేవాళ్లైతే మన టైం ప్రకారం సాయంత్రం ఆరు తర్వాత పెట్టండి. తూర్పు అమెరికా అప్పుడు నిద్ర లేస్తుంది. ఓట్లు రాకపోతే కొన్ని వారాలాగి ఇంకోసారి పెట్టండి, అది తప్పు కాదు. చదివేవాళ్లైతే రోజూ ఒక పది నిమిషాలు 'న్యూ' పేజీకి ఇవ్వండి. ఒకటే ఓటున్న, పేరు తెలియని సైట్ నుంచి వచ్చిన, శీర్షిక మామూలుగా ఉన్న లింకు ఒకటి తెరిచి చివరిదాకా చదవండి. బాగుంటే బాణం నొక్కండి. ఆ గంటలో మీ ఓటుకు ఉన్నంత బరువు మొదటి పేజీలో ఎప్పుడూ ఉండదు.