కరగడమా, ద్రవించడమా: ఏది ఎక్కడ?

రాసేటప్పుడు చాలామంది ఇక్కడ ఆగుతారు. ‘ద్రవించు’ అంటే కాస్త బరువుగా, సాహిత్యంలా ఉంటుందని అది పెట్టేస్తారు. అన్నిచోట్లా అతకదు.

వాడుక: కరుగు ఎక్కడైనా నడుస్తుంది. ఐస్, నెయ్యి, కొవ్వొత్తి, ఒంట్లో కొవ్వు, చివరికి తాతల ఆస్తి కూడా కరిగిపోతుంది. ద్రవించు ఎక్కువగా హృదయం దగ్గరే ఆగిపోతుంది. ‘నెయ్యి ద్రవించింది’ అని వంటింట్లో అంటే నవ్వుతారు.

మనసు సంగతి: అసలు తేడా ఇక్కడే. కూతురు రెండ్రోజులు అన్నం మానేస్తే ‘నాన్న మనసు కరిగింది’ అంటాం, అంటే పట్టుదల సడలింది, పెళ్లికి ఒప్పుకున్నాడు. ‘నాన్న హృదయం ద్రవించింది’ అంటే జాలితో కదిలిపోయాడు, అంతే, ఒప్పుకున్నాడో లేదో ఇంకా తెలియదు.

శ్రమ: కరిగించు అంటే పనైపోతుంది. ద్రవింపజేయు అని రాయాలంటే నాకే ఓపిక ఉండదు.

రిస్క్: కరుగుతో చిక్కు ఒక్కటే, ‘పంచదార కరిగింది’ అంటే నీళ్లలో కలిసిందా, ఉత్త బాణలిలో వేడికి పాకమైందా? నీళ్లలోనో, వేడికో ఒక మాట చేర్చాలి. సైన్స్ పాఠంలో వేడికి కరగడం గురించైతే కరుగు, ద్రవించు రెండూ పక్కనపెట్టి ద్రవీభవనం అనండి.

కాబట్టి వంట, డబ్బు, అలక తీరడం అయితే కరుగు. సంతాప సందేశమో, కరువు మీద వ్యాసమో అయితే ద్రవించు, అదీ ఒక్కసారే.