నేపాల్ మంచు శిఖరం ఐలాండ్ పీక్‌కి చలి సామాను: బెంగళూరులో కొనాలా, థమేల్‌లో అద్దెకా?

ఖర్చు: ఖాట్మండు థమేల్‌లో రోజు లెక్కన అద్దె, పైన డిపాజిట్. కొత్త డౌన్ (మెత్తటి ఈకలు నింపిన) జాకెట్‌తో పోలిస్తే చాలా తక్కువ. బెంగళూరులో కొన్నది తర్వాత బీరువాకే. ఇక్కడి డిసెంబరుకి స్వెట్టరే ఎక్కువ.

శ్రమ: కొంటే తీరిగ్గా చూసుకోవచ్చు. అద్దెకైతే ఖాట్మండులో ఒక పూట పోతుంది.

రిస్క్: అసలు టెన్షన్ ఇక్కడే. అద్దె జాకెట్‌ని వెలుతురుకి పట్టి చూడండి. ఈకలు ముద్దకట్టి మధ్యలో ఖాళీలుంటే వద్దనండి. జిప్ గ్లోవ్స్‌తోనే లాగి చూడండి. డబుల్ బూట్లకి (లోపల విడిగా ఇంకో పొర ఉండే మంచు బూట్లు) మందపాటి సాక్సు వేసుకుని మెట్లు దిగండి, వేళ్లు ముందుకి తగలకూడదు. క్రాంపాన్లు, అంటే మంచు మీద జారకుండా బూట్ల కింద కట్టే లోహపు ముళ్లు, అక్కడే బిగించి చూడాలి.

థర్మల్స్, సాక్సు ఎలాగూ సొంతవే. ఒక్క శిఖరంతో సరిపెట్టేవాళ్లకి అద్దె చాలు. ఏటా వెళ్లేవాళ్లు, పాదం సైజు మరీ చిన్నదో పెద్దదో అయినవాళ్లు కొనుక్కోవడమే మేలు, ముందు బూట్లు, తర్వాతే జాకెట్.