లిబ్‌ఆర్కైవ్ 3.8: వాడొచ్చు, కానీ మూడు పనులు మీరే చేసుకోవాలి

టార్, జిప్, 7జెడ్, రార్, ఐఎస్ఓ, సీపీఐఓ లాంటి ఆర్కైవ్ (చాలా ఫైళ్ళను ఒకటిగా కట్టే) ఫార్మాట్లన్నిటినీ ప్రోగ్రామ్‌లో ఒకే లైబ్రరీతో విప్పాలంటే నా ఓటు లిబ్‌ఆర్కైవ్‌కే. మ్యాక్, ఫ్రీబీఎస్‌డీలలో ఉండే టార్ కమాండ్ (బీఎస్‌డీటార్) దీనిదే, విండోస్ 10లో చేరిన టార్ కూడా ఇదే. రార్‌ను చదువుతుంది కానీ రాయదు. పాస్‌వర్డ్ ఉన్న జిప్ తెరుస్తుంది, పాస్‌వర్డ్ ఉన్న 7జెడ్ మాత్రం తెరవలేదు.

2025 మేలో వచ్చిన 3.8.0తో జిప్‌లను జెడ్‌స్టాండర్డ్, ఎక్స్‌జెడ్, బీజిప్2 అనే కుదింపు పద్ధతుల్లోనూ రాయొచ్చు. సొంత సర్వర్ల మధ్య తిప్పుకునే ఫైళ్ళకు ఇది బాగుంది. కస్టమర్‌కు పంపే జిప్‌కు మాత్రం జిప్‌లో మామూలుగా వాడే పాత పద్ధతి డిఫ్లేటే ఉంచండి. అవతల ఉన్నది పాత అన్‌జిప్ అయితే జెడ్‌స్టాండర్డ్ జిప్ తెరుచుకోదు.

మీరు చేసుకోవాల్సిన మొదటి పని ఫైల్ పేర్లది. తెలుగు పేర్లున్న చోట ఎక్కువమంది తట్టుకుని పడేది ఇక్కడే. 'జీతాలపట్టిక' అనే పేరు చూడండి. కంటికి ఆరు అక్షరాలు, యూనికోడ్ లెక్కలో 11, యూటీఎఫ్-8లో 33 బైట్లు. డాకర్ కంటెయినర్‌లో లొకేల్ (భాష, అక్షరాల ఎన్‌కోడింగ్ సెట్టింగ్) ఏమీ పెట్టకపోతే అది ఇంగ్లిష్ అక్షరాలకే సరిపోయే 'సీ' లొకేల్‌లో నడుస్తుంది. అప్పుడు లైబ్రరీ ఈ పేరును మార్చలేక హెచ్చరిక కోడ్ -20 ఇస్తుంది, పేరు అడిగితే నల్ (ఖాళీ పాయింటర్) వస్తుంది. నల్ చూసుకోని ప్రోగ్రామ్ అక్కడే క్రాష్ అవుతుంది. సున్నా కానిదంతా ఎర్రర్ అనుకునే ప్రోగ్రామ్ అయితే మిగిలిన ఫైళ్ళు విప్పకుండానే ఆగిపోతుంది. నిజంగా ఆపాల్సింది -30 వచ్చినప్పుడే. మందు చిన్నదే: ఎన్విరాన్‌మెంట్‌లో లాంగ్ (LANG) వేరియబుల్‌కు సీ.యూటీఎఫ్-8 (C.UTF-8) ఇచ్చి, ప్రోగ్రామ్ మొదట్లోనే సెట్‌లొకేల్ పిలవండి. పేరును యూటీఎఫ్-8 ఫంక్షన్‌తో తీసుకుంటే ఇంకా మంచిది.

పొడవు సంగతి కూడా చూసుకోవాలి. లినక్స్ ఈఎక్స్‌టీ4లో ఒక ఫైల్ పేరుకు పరిమితి 255 బైట్లు, అంటే తెలుగులో 85 యూనికోడ్ అక్షరాలు. విండోస్ ఎన్‌టీఎఫ్ఎస్ అదే 255ను యూటీఎఫ్-16 యూనిట్లలో లెక్కిస్తుంది. అక్కడ హాయిగా సేవ్ అయిన 100 అక్షరాల తెలుగు పేరు లినక్స్‌లో విప్పబోతే ఎర్రర్ వస్తుంది. అది లైబ్రరీ తప్పు కాదు, విప్పేముందు పేరు కత్తిరించే పని మీదే.

రెండో పని భద్రత. బీఎస్‌డీటార్ కమాండ్‌గా వాడితే '..' (పై ఫోల్డర్‌కు పోయే గుర్తు) ఉన్న దారులను, సింబాలిక్ లింకుల (వేరే చోటును చూపే ఫైళ్ళ) గుండా బయటికి పోయే దారులను తనే అడ్డుకుంటుంది. లైబ్రరీగా పిలిస్తే ఆ కాపలా ఉండదు! వీటిని ఆపే డాట్‌డాట్, సిమ్‌లింక్స్ ఫ్లాగులు, '/'తో మొదలయ్యే దారులను ఆపే ఆబ్సల్యూట్ పాత్ ఫ్లాగు, మూడూ మీరే పెట్టాలి. ఈ లైబ్రరీ మీద నా పెద్ద అసంతృప్తి ఇదే, ఇవి మొదటినుంచీ ఆన్‌లో ఉండాల్సింది.

మూడోది, అక్కర్లేని ఫార్మాట్లు మూసెయ్యడం. రార్ చదివే భాగంలో పదే పదే లోపాలు బయటపడుతున్నాయి: సీవీఈ-2024-26256ను (సీవీఈ అంటే బయటపడ్డ భద్రతా లోపానికి ఇచ్చే నంబర్) 3.7.4లో సరిచేశారు, సంఖ్య పరిమితి దాటిపోయి (ఇంటీజర్ ఓవర్‌ఫ్లో) ఒకే మెమరీని రెండుసార్లు విడుదల చేసే సీవీఈ-2025-5914ను 3.8.0లో. బయటివాళ్ళు అప్‌లోడ్ చేసే సర్వర్‌లో 'అన్ని ఫార్మాట్లూ' అనే ఫంక్షన్ పిలవకండి. జిప్, టార్ చాలనుకుంటే ఆ రెండే తెరవండి.

అప్‌డేట్ అయ్యిందో లేదో చూడ్డానికి బీఎస్‌డీటార్‌కు 'వెర్షన్' ఆప్షన్ ఇవ్వండి. లిబ్‌ఆర్కైవ్, అది కుదింపుకు వాడే జెడ్‌లిబ్, లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ లైబ్రరీల వెర్షన్లు ఒకే వరుసలో వస్తాయి. అయితే అది సిస్టమ్‌లోని కాపీ సంగతే చెబుతుంది. మీ యాప్ బిల్డ్ చేసేటప్పుడే దాని లోపల స్టాటిక్‌గా కలిపేసిన పాత కాపీ ఉంటే, సిస్టమ్ ఎన్నిసార్లు అప్‌డేట్ చేసినా దానికి అందదు. యాప్‌నే మళ్ళీ బిల్డ్ చేయాలి.