గడ్డం మీద లేజర్: 2013లో కాలింది, ఈసారి చల్లగానే అయింది

నాకు పీసీఓడీ, అంటే అండాశయాలకి సంబంధించిన హార్మోన్ల సమస్య ఉంది. పద్దెనిమిదేళ్లప్పటి నుంచి గడ్డం కింద నల్లటి గట్టి వెంట్రుకలు వస్తూనే ఉన్నాయి. పదిహేను రోజులకోసారి త్రెడింగ్, ఊరెళ్తే బ్యాగులో ప్లక్కర్, పొద్దున్నే ఇంట్లో ఎవరూ లేవకముందు కిటికీ దగ్గర చిన్న అద్దం పట్టుకుని వేలితో తడుముకుంటూ వెతుక్కోవడం, ఇదంతా పడినవాళ్లకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. గత ఏడాదిన్నరగా విజయవాడలో ఒక స్కిన్ డాక్టర్ దగ్గర వెంట్రుకలు తగ్గించే డయోడ్ లేజర్ చేయించుకుంటున్నాను. గడ్డానికి, పై పెదవికి ఎనిమిది సిట్టింగులు అయ్యాయి, చంకలకి, మోకాళ్ల కింద కాళ్లకి ఆరు. నొప్పికి భయపడి ఆగిపోయినవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను, ఎందుకంటే నేను ఆ భయంతోనే పదకొండేళ్లు ఆగిపోయాను.

ముందు ఆ పాత సంగతి చెప్పాలి. 2013లో, పెళ్లికి మూడు నెలల ముందు, హైదరాబాద్‌లో ఒక బ్యూటీ సెంటర్‌కి వెళ్లాను. బోర్డు మీద లేజర్ అనే ఉంది, అది అసలు లేజరే కాదు, ఐపీఎల్ అనే ఒక రకం ఫ్లాష్ లైటు అని చాలా ఏళ్లకి గానీ నాకు తెలియలేదు. ఒక్కొక్క ఫ్లాష్‌కి పోపులో ఆవాలు చిట్లి చెంప మీద పడ్డట్టు ఉండేది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా ఆ అమ్మాయి ‘ఓర్చుకోండి మేడం, మంట వస్తోందంటే బాగా పనిచేస్తున్నట్టు’ అంది. నేను నమ్మాను. మర్నాటికి దవడ మీద అడ్డంగా ముదురు గోధుమ రంగు చారలు వచ్చాయి, సరిగ్గా ఆ మిషన్ మూతి ఎంత వెడల్పు ఉందో అంత వెడల్పున. అవి మాయమవడానికి అయిదు నెలలు పట్టింది. నా పెళ్లి ఫొటోల్లో దవడ దగ్గర మేకప్ ఎందుకంత మందంగా ఉందో నాకూ మా అమ్మకూ మాత్రమే తెలుసు. అమ్మ అప్పుడు ‘చిన్నప్పుడు నలుగు సరిగ్గా పెట్టనిచ్చుంటే ఈ బాధ ఉండేది కాదే’ అని ఏడ్చింది. సున్నిపిండితో, కస్తూరి పసుపుతో హార్మోన్ల వల్ల వచ్చే గట్టి వెంట్రుకలు పోవు, కానీ ఆమె బాధ ఆమెది.

ఎందుకు కాలిందో ఇప్పటి డాక్టర్ గారు మొదటి రోజే విడమరిచి చెప్పారు. లేజర్ వెంట్రుకని గుర్తుపట్టేది దాని నల్ల రంగుని బట్టి. ఆ రంగు, అంటే మెలనిన్, కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడి వెంట్రుక కుదురుకి తగిలి అక్కడ మళ్లీ వెంట్రుక పుట్టించే కణాలు దెబ్బతింటాయి. చుట్టూ ఉన్న చర్మాన్ని వదిలేసి కావలసినదాన్నే వేడి చేయొచ్చన్న ఈ సూత్రాన్ని 1983లో అమెరికాలో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రచురించారు. 1990లలో దాని ఆధారంగా వెంట్రుకల లేజర్లు వచ్చాయి. మొదట్లో వాడిన రూబీ లేజర్ తరంగదైర్ఘ్యం, అంటే కాంతి అల పొడవు, 694 నానోమీటర్లు, అది తెల్ల చర్మం, నల్ల జుట్టు ఉన్నవాళ్లకి సరిపోయేది. మనలాంటి చామనఛాయ చర్మంలో పైపొరలోనే బోలెడంత మెలనిన్ ఉంటుంది కాబట్టి కాంతి కుదురు దాకా వెళ్లేలోపే చర్మం దాన్ని పీల్చేసుకుని కాలుతుంది. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ కాంతి లోతుకి వెళ్తుంది, పైపొర దాన్ని తక్కువ పీల్చుకుంటుంది. అందుకే మన దగ్గర ఎక్కువగా 810 నానోమీటర్ల దగ్గర పనిచేసే డయోడ్, బాగా నలుపున్నవాళ్లకి 1064 నానోమీటర్లు ఉన్న ఎన్‌డీ యాగ్ అనే లేజర్ వాడతారట. నన్ను కాల్చిన ఫ్లాష్ లైటులో చాలా రకాల తరంగాలు కలగలిసి ఉంటాయి, మన చర్మం మీద సరైన ఫిల్టరు, సరైన సెట్టింగు లేకుండా దాన్ని ఎక్కువ పవర్‌తో వాడితే ఏమవుతుందో నా దవడే సాక్ష్యం.

ఇక ఇప్పటి అనుభవం. మొదటి రోజు అసలు సిట్టింగే చేయలేదు. హార్మోన్ల రిపోర్టులు చూశారు, ఏ మందులు వాడుతున్నానో అడిగారు, దవడ కింద కనపడని చోట రెండు లేజర్ షాట్లు మాత్రం వేసి రెండు రోజుల తర్వాత వచ్చి చూపించమన్నారు. ఆ రెండు షాట్ల కోసం మళ్లీ బస్సెక్కి వెళ్లడం అప్పుడు విసుగనిపించింది గానీ, 2013లో ఎవరైనా ఈ ఒక్క పని చేసి ఉంటే నాకు ఆ మచ్చలు వచ్చేవి కావు.

తేడా అంతా చల్లదనంలో ఉంది. చర్మానికి తగిలే చోట నీలమణి గాజు బిళ్ల ఒకటి ఉంటుంది, లోపలి నుంచి దాన్ని చల్లబరుస్తూనే ఉంటారు. ముందు చల్లటి జెల్ రాస్తారు, తర్వాత ఆ బిళ్లని చర్మానికి గట్టిగా ఆనించి ఒక క్షణం ఆగుతారు, ఐస్ ముక్క పెట్టినట్టు ఆ చోటు మొద్దుబారుతుంది, అప్పుడు షాట్ పడుతుంది. పైపొర చల్లగా ఉండగానే లోపల కుదురు మాత్రం వేడెక్కుతుంది. కొన్ని మిషన్లలో షాట్‌కి సరిగ్గా ముందు చల్లటి గ్యాస్ చిమ్ముతుంది, కొన్నిచోట్ల పక్కన గొట్టంతో చల్లగాలి ఊదుతారు, ఇంకో రకంలో చర్మాన్ని కొంచెం పైకి పీల్చి పట్టుకుని షాట్ వేస్తారు, దాంతో కూడా నొప్పి తగ్గుతుందట. నేను చేయించుకున్నది బిళ్ల రకమే.

కాళ్లకి ఇంకో పద్ధతి వాడారు. ఒక్కో చోట ఒక్కో గట్టి షాట్ కాకుండా, తక్కువ పవర్‌తో సెకనుకి పది దాకా చిన్న షాట్లు పడుతుంటే, ఇస్త్రీ చేస్తున్నట్టు మిషన్‌ని ముందుకీ వెనక్కీ జరుపుతూనే ఉంటారు. వేడి మెల్లమెల్లగా పోగవుతుంది, చురుక్కుమనదు, గోరువెచ్చటి గిన్నె అడుగు కాలికి తగిలినట్టు ఉంటుంది. రెండు కాళ్లకీ కలిపి అరగంట కూడా పట్టలేదు. మోకాలి కింద ముందువైపు, ఎముక మీద చర్మం పల్చగా ఉన్నచోట మాత్రం కొంచెం పళ్లు బిగించాల్సి వచ్చింది.

గడ్డం దగ్గర అబద్ధం చెప్పను, మొదటి రెండుసార్లు నొప్పి ఉంది. వెంట్రుక ఎంత లావుగా, ఎంత దగ్గర దగ్గరగా ఉంటే అంత వేడి పడుతుంది కాబట్టి గడ్డం, చంకలు మొదట్లో గుచ్చుకుంటాయి, రబ్బరు బ్యాండు సాగదీసి వదిలినట్టు. పాత మంటకి పదిలో తొమ్మిది వేస్తే దీనికి నాలుగు వేస్తాను, అయిదో సిట్టింగుకి వచ్చేసరికి ఒకటో రెండో. పై పెదవి చిన్న చోటే అయినా కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ముక్కు కింద నరాలు ఎక్కువ మరి. అక్కడ డాక్టర్ గారు ఒక చిన్న పని చేశారు, తడిపిన దూదిని పెదవికీ పళ్లకీ మధ్య పెట్టుకోమన్నారు. పంటి దాకా జివ్వుమని లాగడం దాంతో ఆగిపోయింది. ఇలాంటివి మిషన్ కంపెనీ వాళ్ల ప్రకటనల్లో కనపడవు. నాకు పీరియడ్స్ వచ్చే ముందు వారం చర్మం బాగా సున్నితంగా ఉంటుంది, ఒకసారి ఆ వారంలో వెళ్లి బాధపడ్డాను, తర్వాత తేదీలు చూసుకునే అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

మత్తు క్రీము సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. నాకు పై పెదవికి మొదటిసారి మాత్రం రాశారు, అదీ క్లినిక్‌లోనే, వాళ్ల కళ్ల ముందే. కాళ్లకీ రాయమని నేనే అడిగితే ఒప్పుకోలేదు. లిడోకెయిన్ లాంటి మందుని ఎక్కువ మేర రాసి పైన ప్లాస్టిక్ కవర్ చుడితే అది రక్తంలోకి ఎక్కువగా వెళ్లి ఫిట్స్ రావచ్చు, గుండె కొట్టుకునే తీరు దెబ్బతినవచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. ఇంటి దగ్గరే కాళ్లంతా రాసుకుని రమ్మని ఎవరైనా ట్యూబు చేతిలో పెడితే దయచేసి వద్దనండి.

‘జీరో పెయిన్’ అని రాసినవన్నీ కూడా నమ్మకండి. పవర్ బాగా తగ్గించేస్తే ఏ మిషన్ అయినా నొప్పి పెట్టదు, వెంట్రుకా పోదు, మీ డబ్బు మాత్రం పోతుంది. మా తోటికోడలికి ఇదే జరిగింది, ఒక చోట ఆరు సిట్టింగుల ప్యాకేజీ మొత్తం హాయిగా నిద్రపోతూ చేయించుకుంది, చెంపల మీద నూగు తగ్గకపోగా ఇంకాస్త నల్లగా, ఒత్తుగా వచ్చింది. ముఖం మీద సన్నటి నూగు ఉన్న కొంతమందికి లేజర్ తర్వాత ఇలా ఎదురు తిరగడం డాక్టర్లకి తెలిసిన విషయమే, హార్మోన్ల తేడా ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ చూస్తారు. నా చెంపలకి కూడా చేయమని అడిగితే ‘అక్కడ మీకున్నది నూగే, ముట్టుకోను’ అన్నారు డాక్టర్ గారు. డబ్బు వచ్చే పనిని వద్దన్న ఆ మాటతోనే నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది. మరి సరిగ్గా పనిచేస్తోందని ఎలా తెలుస్తుందంటే, షాట్ పడిన కాసేపటికి ఒక్కో వెంట్రుక మొదలు దగ్గర ఆవగింజంత ఉబ్బు, కొంచెం ఎరుపు కనపడతాయి, కొన్ని గంటల్లో తగ్గిపోతాయి. ఆ తర్వాత రెండు మూడు వారాల్లో వెంట్రుకలు పైకి వచ్చి, స్నానంలో రుద్దుకుంటే రాలిపోతాయి. మొదటిసారి నేను మళ్లీ పెరుగుతున్నాయనుకుని టెన్షన్ పడి ఫోన్ చేశాను, లాగొద్దు, అవే రాలతాయి అన్నారు.

నొప్పి తగ్గడానికి మనవైపు నుంచి చేయాల్సినవీ ఉన్నాయి. సిట్టింగుకి ముందు రోజు రేజర్‌తో నున్నగా గీసుకుని వెళ్లాలి. పైకి వెంట్రుక మిగిలి ఉంటే అది చర్మం మీదే కాలి చురకపెడుతుంది, కమురు వాసన కూడా వస్తుంది. ఆడపిల్ల గడ్డం మీద రేజరా అని అమ్మ గుండె బాదుకుంది, గీస్తే లావుగా వస్తాయన్నది నిజం కాదు, తెగిన కొన మొండిగా ఉండి అలా అనిపిస్తుందంతే. త్రెడింగ్, వాక్సింగ్, ప్లక్కింగ్ మాత్రం నెల ముందు నుంచే మానేయాలి, కుదురు పీకేశాక లేజర్‌కి అక్కడ ఏం దొరుకుతుంది? ఎండలో తిరిగి నల్లబడిన చర్మంతో వెళ్లకూడదు. బెజవాడ ఎండలు తెలిసిందే కదా, ఏప్రిల్, మే నెలల్లో నాకు ముఖానికి చేయకుండా వాయిదా వేశారు. చేసినన్నాళ్లూ సన్‌స్క్రీన్ రోజూ రాసుకున్నాను.

నచ్చనివి చెప్తాను. రిసెప్షన్‌లో వెళ్లిన ప్రతిసారీ ఫుల్ బాడీ ప్యాకేజీ తీసుకోమని వెంటపడతారు, డాక్టర్ గారు లోపల ఎంత నెమ్మదిగా మాట్లాడతారో బయట అంత హడావిడి. అపాయింట్‌మెంట్ పదకొండుకి ఇచ్చి పన్నెండున్నరకి పిలిచిన రోజులున్నాయి. ఒకసారి డాక్టర్ గారు లేని రోజు కొత్త అమ్మాయి చేసింది, జెల్ ఆరిపోయినా మళ్లీ రాయకుండానే జరిపేస్తుంటే చంకలో చురుక్కుమంది. వెంటనే ఆపమన్నాను. పాపం ఆ అమ్మాయి కంగారుపడి ఐస్ పెట్టింది, మచ్చేమీ పడలేదు. మిషన్ అదే, గది అదే, చేయి మారింది, నొప్పి మారింది. అప్పటి నుంచి డాక్టర్ గారు ఉన్న రోజే వెళ్తున్నాను. మీరూ మంట అనిపించగానే చేయి ఎత్తి ఆపమనండి, ఓర్చుకోవద్దు. భరించలేని మంట అంటే పైపొర కాలుతున్నట్టు, అది పనిచేస్తున్న గుర్తు కాదు.

డబ్బు విషయానికి వస్తే, గడ్డం, పై పెదవి కలిపి సిట్టింగుకి 2,500, చంకలకి 2,000, కాళ్లకి 6,000 తీసుకున్నారు. ప్యాకేజీ కాకుండా ఏ సిట్టింగుకి ఆ సిట్టింగు కట్టాను, కొంచెం ఎక్కువైనా మధ్యలో మానుకునే స్వేచ్ఛ మనకి ఉంటుంది. ముఖానికి నాలుగైదు వారాలకి ఒకసారి, ఒంటికి ఆరు నుంచి ఎనిమిది వారాలకి ఒకసారి పిలిచారు. వెంట్రుక పెరుగుతున్న దశలో ఉంటేనే లేజర్‌కి దొరుకుతుంది, అన్నీ ఒకేసారి ఆ దశలో ఉండవు, అందుకే ఇన్నిసార్లు. తెల్ల వెంట్రుకల మీద ఇది పనిచేయదు. మా అమ్మకి గడ్డం మీద నాలుగు తెల్లవి ఉంటే అడిగి చూశాను, వాటికి ఒక్కో కుదురులో సూది పెట్టి కరెంటుతో చేసే ఎలక్ట్రాలిసిస్ ఒక్కటే దారి అన్నారు.

ఫలితం: చంకల్లో దాదాపు ఏమీ లేవు, అక్కడి నలుపు కూడా విరిగింది. కాళ్ల మీద అక్కడక్కడా సన్నటివి. గడ్డం దగ్గర పీసీఓడీ వల్ల కొత్తవి వస్తూనే ఉంటాయని ముందే చెప్పారు, శాశ్వతంగా పోతాయని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు, తగ్గుతాయి అనే అన్నారు. ఒకప్పుడు లెక్కపెట్టలేనన్ని ఉండేవి, నిన్న లెక్కపెడితే పద్నాలుగు, అవీ మెత్తబడ్డాయి. మూడు నెలలుగా ప్లక్కర్ బ్యాగులో లేదు. అయిదుకి నాలుగు ఇస్తున్నాను, ఆ తగ్గించిన ఒకటి రిసెప్షన్‌ది, వెయిటింగ్‌ది. తర్వాతి సిట్టింగు దసరా అయ్యాక, గడ్డానికి మాత్రమే, పది నిమిషాల పని.