డిస్క్ ఇమేజ్‌కి ప్రీఅలొకేషన్: నాలుగు ఫైల్‌సిస్టమ్‌ల మీద వాడి చూశాక

వర్చువల్ మెషీన్లు నడిపే క్యూఈఎంయూలో ఇమేజ్ (ఆ మెషీన్‌కి డిస్క్‌లా పనిచేసే ఫైలు) చేసేటప్పుడు ప్రీఅలొకేషన్‌కి, అంటే చోటు ముందే పట్టి ఉంచడానికి, ‘ఫాలాక్’ పెడితే చోటు ఖాయమైపోయిందనే చాలామంది నమ్మకం. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ మీద ఆ నమ్మకం నిలబడుతుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మీద సగమే. జెడ్‌ఎఫ్‌ఎస్ మీద అసలు నిలబడదు.

చూడటం తేలికే. 20 జీబీ రా ఫార్మాట్ ఇమేజ్ చేయండి, ఎల్‌ఎస్ చెప్పే సైజు పక్కనబెట్టి డీయూ (ఫైలు నిజంగా తిన్న చోటు) చూడండి, ముందూ వెనకా డీఎఫ్ (డిస్క్‌లో మిగిలిన చోటు) కొట్టండి. ప్రీఅలొకేషన్ ‘ఆఫ్’తో చేసిన ఫైలు డీయూలో దాదాపు సున్నా. ఇలాంటివి నాలుగైదు పెరిగి హోస్ట్ (అసలు కంప్యూటర్) డిస్క్ నిండిందా, గెస్ట్ (లోపల నడిచే వర్చువల్ మెషీన్) పాజ్ అయి కూర్చుంటుంది. లోపల మాత్రం బోలెడు ఖాళీ ఉన్నట్టే ఉంటుంది. హోస్ట్‌లో చోటు చేసి ‘వర్ష్ రెస్యూమ్’ కమాండ్ ఇస్తే మళ్లీ కదులుతుంది.

ఈఎక్స్‌టీ4లో ఫాలాక్ క్షణాల్లో అయిపోతుంది, డీయూ 20 జీబీ చూపిస్తుంది. ఫైలు డిస్క్ మీద ఎన్ని ముక్కలుగా ఉందో చెప్పే ఫైల్‌ఫ్రాగ్ వివరాల్లో 160కి పైగా వరుసలు వస్తే కంగారు పడక్కర్లేదు: 4 కేబీ బ్లాకులతో, ఇంకా రాయని ఎక్స్‌టెంట్ (వరుస బ్లాకుల గుంపు) 128 ఎంబీకి మించదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో ఈ గొడవ కూడా తక్కువే.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో మొదటి రాత కేటాయించిన చోటికే పోతుంది. అదే బ్లాకు మీద మళ్లీ రాస్తే కాపీ-ఆన్-రైట్ (పాతదాని మీద కాకుండా వేరేచోట రాయడం) వల్ల కొత్త చోటు కావాలి; పాత ఎక్స్‌టెంట్‌లో ఒక్క ముక్క వాడుకలో ఉన్నా అదంతా అట్టే ఉండిపోతుంది. అలా 20 జీబీ ఇమేజ్ అంతకు మించి తింటుంది, డీయూకి అది కనపడదు, కంప్‌సైజ్ అనే టూల్‌కి కనపడుతుంది. ఖాళీ డైరెక్టరీకి ముందే ఛాటర్ ప్లస్ సీ (కాపీ-ఆన్-రైట్ ఆపే గుర్తు) పెట్టి ఇమేజ్ అందులో చేయండి. దాంతో చెక్‌సమ్‌లు, కంప్రెషన్ పోతాయి. స్నాప్‌షాట్ తీస్తే ఆ తర్వాతి రాతలకు కొత్త చోటు కావాల్సిందే.

జెడ్‌ఎఫ్‌ఎస్ ఫాలాక్‌కి ‘సరే’ అంటుంది, అంతే. అడిగినదానికి 110 శాతం ఖాళీ ఉందో లేదో చూస్తుంది, ఏదీ పక్కన పెట్టదు. ప్రీఅలొకేషన్ ‘ఫుల్’తో సున్నాలన్నీ రాయించినా, కంప్రెషన్ ఆన్‌లో ఉంటే అవి మాయం, అంతసేపు ఆగింది దండగ. చోటు నిజంగా కావాలంటే ఫైలు బదులు జెడ్‌వాల్ (జెడ్‌ఎఫ్‌ఎస్ ఇచ్చే డిస్క్‌లాంటి వాల్యూమ్) చేసుకోండి, చోటు పట్టకుండా వదిలే స్పార్స్ ఆప్షన్ ఇవ్వకుండా. చోటు పట్టి ఉంచే రెఫ్‌రిజర్వేషన్ సెట్టింగ్ దానంతట అదే పడుతుంది. డీయూ లెక్క ఇక్కడ కొన్ని సెకన్లు ఆలస్యం, సింక్ కొట్టి చూడండి.

ఎవరూ అనుమానించనిది డిస్కార్డ్, అంటే గెస్ట్ తనకు అక్కర్లేని బ్లాకులను వదిలేయడం. గెస్ట్ డిస్క్‌కి ‘డిస్కార్డ్ అన్‌మ్యాప్’ సెట్టింగ్ ఉండి, లోపల ఉబుంటు ఉంటే, ఖాళీ బ్లాకులను వదిలించే దాని ఎఫ్‌ఎస్‌ట్రిమ్ టైమర్ వారానికోసారి నడిచి, ఈఎక్స్‌టీ4 మీద ఫాలాక్‌తో పట్టిన చోటును కూడా హోస్ట్‌కి తిరిగిచ్చేస్తుంది. మొదటి రోజు 20 జీబీ చూపిన డీయూ తర్వాత 6 జీబీ చూపిందంటే కారణం ఇదే. చోటు ఖాయంగా ఉండాల్సిన ఇమేజ్‌లకు డిస్కార్డ్ ఇగ్నోర్ పెట్టి, ఫాలొకేట్ కమాండ్‌ని అదే ఫైలు మీద మళ్లీ నడపండి: ఖాళీలు పూడతాయి, డేటా చెక్కుచెదరదు.