పర్లాకిమిడి నుంచి భూటాన్: వీసా లేదు, కాగితాలు మాత్రం ఉండాలి

మా పర్లాకిమిడి వాళ్లకి సరిహద్దు అంటే భయం తెలీదు. మాది ఒడిశా, మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. సాయంత్రం అటు వెళ్లి పని చూసుకుని రాత్రి భోజనానికి ఇంటికి వచ్చేస్తాం. కాగితం చూపించమని ఎవరూ అడగరు. భారతీయులకి భూటాన్‌లో వీసా అక్కర్లేదని విన్నప్పుడు నేను దాన్ని కూడా దాదాపు అలాంటిదే అనుకున్నాను. దాని ఫలితంగా సరిహద్దు పట్నం ఫుంట్‌షోలింగ్‌లో మాకు ఒక పూట పోయింది. మన వైపు నుంచి ఈ మధ్య చాలామంది అటు బయల్దేరుతున్నారు కాబట్టి ఏ కాగితం ఎందుకు కావాలో, ఎక్కడ ఉంటే బాగుంటుందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

వెళ్దామన్నది మా అమ్మ. మా గజపతి జిల్లాలోనే చంద్రగిరి దగ్గర 1963 నుంచి టిబెటన్లు ఉంటున్నారు. చలికాలం వస్తే మా ఊళ్లో స్వెటర్లు అమ్మేది వాళ్లే. అక్కడి జిరంగ్‌లో 2010లో దలైలామా చేతుల మీదుగా ప్రారంభమైన పద్మసంభవ మహావిహారం ఉంది. కార్తీకంలో ఒకసారి అమ్మని అక్కడికి తీసుకెళ్లాం. మీసాలతో, పెద్ద కళ్లతో ఉన్న ఆ విగ్రహం ఎవరిదని అడిగితే, ఆయన గురు పద్మసంభవుడని, ఆడపులి మీద కూర్చుని భూటాన్ కొండల్లోకి ఎగిరి వెళ్లాడని ఒక లామా చెప్పాడు. అమ్మ మనసు ఆ కొండ మీదే ఉండిపోయింది. చంద్రగిరి టిబెటన్ల కాలనీ పేరు ఫుంట్సోక్‌లింగ్. భూటాన్ సరిహద్దు పట్నం పేరు ఫుంట్‌షోలింగ్. ఆ పేరు వినగానే అమ్మ సగం దారి వచ్చేసినట్టే సంతోషపడింది.

నేను, మా ఆవిడ, 66 ఏళ్ల అమ్మ, తొమ్మిదేళ్ల బాబు. నవంబరులో బయల్దేరాం.

ముందు కాగితాల సంగతి. వీసా లేకపోయినా ఎంట్రీ పర్మిట్ తప్పదు. దానికి పెద్దవాళ్లయితే పాస్‌పోర్టు చూపించాలి, కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. పాస్‌పోర్టు లేకపోతే ఓటరు కార్డు, అదీ ఒరిజినల్. ఆధార్ చెల్లదు. మన దగ్గర సిమ్ కార్డు నుంచి రేషన్ దాకా అన్నీ ఆధార్‌తోనే నడుస్తాయి కాబట్టి ఈ మాట చెప్తే చాలామంది నమ్మరు. నేనూ నమ్మలేదు. పిల్లలకి బర్త్ సర్టిఫికెట్ కావాలి. మా బాబు టెక్కలిలో పుట్టాడు. సర్టిఫికెట్ బయటికి తీసి చూస్తే 'మగ' అని ఉంది, అమ్మానాన్నల పేర్లు ఉన్నాయి, వాడి పేరు ఉండాల్సిన గడి మాత్రం ఖాళీ. పుట్టిన వారంలోనే నమోదు చేయిస్తే ఇలాగే వస్తుంది, పేరు తర్వాత ఎక్కించుకోవాలి. తొమ్మిదేళ్లు ఎవరూ అడగలేదు కాబట్టి మేమూ చూసుకోలేదు. ఆ పేరు ఎక్కించడానికి మూడు వారాలు తిరిగాను. టిక్కెట్లు అప్పటికే తీసేశాం కాబట్టి ఆ మూడు వారాలూ టెన్షనే. పిల్లలు ఉన్నవాళ్లు టిక్కెట్ల కంటే ముందు ఆ కాగితం తీసి చూడండి.

బరంపురంలో రైలెక్కి న్యూ జల్పాయ్‌గురిలో దిగాం. అక్కడి నుంచి కారులో నాలుగు గంటలు పైనే పట్టింది. దారి పొడుగునా టీ తోటలు, అడవి. జైగావ్ చేరేసరికి చీకటి పడింది. జైగావ్ మన దేశంలోదే, పశ్చిమ బెంగాల్ అలీపూర్‌ద్వార్ జిల్లా. అక్కడ దిగిన లాడ్జి గది 1,800 రూపాయలు. నీళ్లు వేడిగా వచ్చాయి, అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు. రాత్రంతా లారీల హారన్లు. నన్నడిగితే చీకటి పడకముందే చేరుకుని, గేటు దాటి ఫుంట్‌షోలింగ్‌లో పడుకోవడం మేలు. రెండు ఊళ్లకీ మధ్య ఉన్నది ఒక గోడ, ఒక గేటు. అటు అడుగు పెట్టగానే హారన్ ఆగిపోతుంది, రోడ్డు శుభ్రంగా ఉంటుంది, జనం గీతల దగ్గరే రోడ్డు దాటుతారు. ఫోనులో గడియారం అరగంట ముందుకి వెళ్తుంది. బాబు దాన్ని పదిసార్లు చూశాడు.

ఇక ఆ పోయిన పూట. పర్మిట్ పని ఒక ఏజెంటుకి అప్పజెప్పాం. అమ్మకి పాస్‌పోర్టు లేదు, ఓటరు కార్డే ఆధారం. ఒడిశాలో లక్ష్మి అన్న పేరుని ఇంగ్లిషులో ఎక్స్ అక్షరం పెట్టి రాస్తారు. ఆంధ్రలో కే, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు. అమ్మ ఓటరు కార్డు పర్లాకిమిడిది, ఎక్స్ ఉంది. ఆధార్ మాత్రం మా అక్క దగ్గర శ్రీకాకుళంలో ఉన్నప్పుడు తీయించాం, అందులో కే ఎస్ హెచ్. ఏజెంటు 'అన్నీ పంపండి సార్' అంటే ఆధార్ కాపీ కూడా పంపాను. అతను ఆధార్‌లో ఉన్న పేరుతో దరఖాస్తు నింపాడు. కౌంటర్లో అమ్మాయి పర్మిట్‌నీ ఓటరు కార్డునీ పక్కపక్కన పెట్టి చూసి, 'ఇది ఇద్దరి పేర్లలా ఉంది' అంది. కోపంగా కాదు, నెమ్మదిగానే చెప్పింది. అమ్మకి కుర్చీ వేయించి, మళ్లీ దరఖాస్తు పెట్టించి, సరిచేసి ఇచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఏజెంటు ఫోన్ ఎత్తలేదు. అడగని కాగితం పంపడం నా తప్పు. చూపించబోయే కార్డు ఏదో ఆ కార్డు ఒక్కటే పంపండి. అందులో పేరు ఎలా ఉంటే దరఖాస్తులో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉందో లేదో మీరే చదువుకోండి. రెండు రాష్ట్రాల కాగితాలతో బతికే మనలాంటి వాళ్లకి ఈ చిక్కు ఎక్కువ.

తర్వాత ఖర్చు. భారతీయులు తలకి, రాత్రికి 1,200 రూపాయల చొప్పున ఎస్‌డీఎఫ్ (సస్టైనబుల్ డెవలప్‌మెంట్ ఫీ) అనే పర్యాటక రుసుము కట్టాలి. కోవిడ్ తర్వాత 2022 సెప్టెంబరులో దేశం తలుపులు మళ్లీ తెరిచాక ఇది గట్టిగా అమలవుతోంది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి సగం, అంతకంటే చిన్నవాళ్లకి లేదు. లోపల ఐదు రాత్రులకి మా ముగ్గురికీ 18,000, బాబుకి 3,000, మొత్తం 21,000 అయింది. హోటళ్లు, కారు, తిండి దీనికి అదనం. సరిహద్దు పట్నం ఫుంట్‌షోలింగ్‌లోనే ఉండిపోతే మాత్రం ఈ రుసుము పడదు. తిరుగు ప్రయాణంలో మేము చివరి రాత్రి అక్కడ ఉన్నది అందుకే. మన బండిలో పైకి వెళ్దామనుకుంటే రోజుకి 4,500 వేరే కట్టాలి. అక్కడి కారు, అక్కడి డ్రైవరు నయం. కొండ మలుపులు వాళ్లకి తెలుసు.

డబ్బు గురించి ఒక మాట. వాళ్ల న్గుల్ట్రమ్ మన రూపాయితో సమానం. రూపాయిలు దుకాణాల్లో తీసుకుంటారు. మన దేశం నుంచి తీసుకెళ్లేటప్పుడు వంద కంటే పెద్ద నోట్లు మనిషికి 25,000 రూపాయలు దాటకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. నేను వందలు ఎక్కువగా పట్టుకెళ్లాను, అది పనికొచ్చింది. యూపీఐ కొన్ని పెద్ద దుకాణాల్లో నడిచింది, దారిలో టీ కొట్ల దగ్గర నడవలేదు.

సామాను విషయంలో అమ్మతో ఇంట్లోనే వాదన జరిగింది. ఆవకాయ, కందిపొడి, అరిసెలు సరే అన్నాను. ఎండుచేపలు వద్దన్నాను. మాంసం, చేపలు, మొక్కలు, విత్తనాలు చెప్పకుండా సరిహద్దు దాటించకూడదు. అమ్మ బీపీ మందులకి డాక్టర్ చీటీ జతచేశాం. మత్తు కలిగించే నొప్పి మాత్రలు, దగ్గు సిరప్‌ల విషయంలో భూటాన్ చాలా కఠినంగా ఉంటుంది. మనకి మామూలు మందు అనిపించింది అక్కడ కేసు కావచ్చు. మా మేనల్లుడు డ్రోన్ ఇస్తానన్నాడు. అనుమతి లేకుండా అక్కడ ఎగరేయకూడదు కాబట్టి తీసుకోలేదు. మా డ్రైవరు పొగతాగే అలవాటున్న వాళ్లకి చెప్పమన్న మాట: పొగాకు ఉంటే గేటు దగ్గరే చెప్పాలి, బహిరంగ స్థలాల్లో తాగకూడదు.

ఫుంట్‌షోలింగ్ దాటాక రించెన్‌డింగ్ దగ్గర మళ్లీ పర్మిట్లు చూశారు. ఆ తర్వాత థింఫూకి 150 కిలోమీటర్ల దాకా కొండదారి, ఐదు గంటలు. గెడు దగ్గర మంచు దట్టంగా కమ్మింది. అమ్మ కళ్లు మూసుకుని గోవింద నామాలు చదువుకుంది.

థింఫూలో బజారుకి దగ్గరలో మూడు నక్షత్రాల హోటల్, గదికి 3,500. గది వెచ్చగా ఉంది, సేవ బాగుంది, కానీ అలాంటి గది ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. ఊరు మాత్రం నాకు నచ్చింది. రాజధానిలో ఒక్క ట్రాఫిక్ లైటు కూడా లేదు, చౌరస్తాలో పోలీసు చేతులతోనే బళ్లని నడిపిస్తాడు. కొండ మీద 51.5 మీటర్ల బుద్ధుడి దగ్గర బాబు నోరు తెరిచి నిలబడిపోయాడు. ద్జోంగ్‌ల (కోటల్లాంటి పాత మఠాల) లోపలికి నిండు చేతుల చొక్కా వేసుకుని, టోపీ తీసి వెళ్లాలి. మా ఆవిడ చీర మీద స్వెటర్ వేసుకుంటే ఏ ఇబ్బందీ లేదు. పునాఖాకి ఒక్క రోజులో వెళ్లి వచ్చాం. దోచులా కనుమ దగ్గర 108 స్తూపాలు, కింద పునాఖాలో రెండు నదులు కలిసే చోట 17వ శతాబ్దపు కోట. అక్కడ ఒక రాత్రి ఉండాల్సింది, తొందరపడ్డాం.

ఉన్న చోట్లన్నింటిలో పారో పల్లెలో రైతు ఇల్లు మేలు. మట్టి గోడలు, చెక్క మెట్లు, వరండా నిండా ఎండబెట్టిన ఎర్ర మిరపకాయలు. అమ్మకి మన ఊరి పెరడు గుర్తొచ్చింది. ఆ ఇంటామె ఎమా దత్షి వండింది, పచ్చిమిరపకాయలే కూర, చీజ్‌లో ఉడికించి. ఎర్ర బియ్యం అన్నంలో అది కలుపుకుని తిన్న అమ్మ, మిరపకాయ మన దగ్గర తాలింపులో వేస్తాం, వీళ్లు కూరే చేసుకుంటారంటూ రెండోసారి వడ్డించుకుంది. బదులుగా ఆవకాయ ఇచ్చింది. ఒకరి భాష ఒకరికి రాకుండానే గంటసేపు కబుర్లు చెప్పుకున్నారు. బాత్రూము కొంచెం దూరం, రాత్రి చలి గట్టిగానే ఉంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఆ మెట్లు కష్టం. అయినా మళ్లీ వెళ్తే అక్కడే ఉంటాం.

పద్మసంభవుడు పులి మీద ఎగిరి వెళ్లాడని లామా చెప్పిన చోటు పారో దగ్గరి తక్త్‌సాంగ్ మఠం, ఎత్తు 3,120 మీటర్లు. గుర్రం సగం దారిలో ఉన్న క్యాంటీన్ దాకా మాత్రమే ఎక్కిస్తుంది. దిగేటప్పుడు గుర్రాలు లేవు, నడవాల్సిందే. ఇది ముందే తెలిసి అమ్మకి ఊతకర్ర తెచ్చాం. క్యాంటీన్ దాటి అమ్మ రాలేకపోయింది. ఎదురుగా నల్లటి కొండ చరియకి అతుక్కున్న తెల్లటి గోడలు, బంగారు రంగు కప్పు. 1692లో కట్టారట, 1998లో కాలిపోతే మళ్లీ నిలబెట్టారు. అమ్మ అక్కడే బల్ల మీద కూర్చుని దండం పెట్టుకుంది. నేనూ బాబూ పైకి వెళ్లాం. లోపలికి ఫోన్లు, సంచులు తీసుకెళ్లనివ్వరు, బయట దాచిపెట్టాలి. దిగి వచ్చాక అమ్మ అడిగిన మొదటి మాట, 'ఆయన మీసాలు అలాగే ఉన్నాయా?'

రైతు ఇంటామె అమ్మకి బంతిపూల విత్తనాలు పొట్లం కట్టి ఇవ్వబోతే మా గైడు వద్దన్నాడు. విత్తనాలకి మన వైపు కూడా కాగితాలు కావాలి. అమ్మకి బాధేసింది కానీ తిరిగి ఇచ్చేసింది. అలాగే పారో బజారులో పాత ముసుగులు, ఇత్తడి సామాను చూసి ముచ్చటపడకండి. వందేళ్లు దాటిన వస్తువులు దేశం దాటకూడదు. కొత్తవని రసీదు అడిగి తీసుకోండి.

బంగారం గురించి మా ఆవిడ పుట్టింటివాళ్లు రోజూ ఫోన్ చేశారు. ఎస్‌డీఎఫ్ కట్టిన పర్యాటకులకి భూటాన్ 2023లో ఫుంట్‌షోలింగ్, థింఫూల్లో పన్ను లేని బంగారం అమ్మడం మొదలుపెట్టింది, డబ్బు డాలర్లలో కట్టాలి. అది వాళ్ల పన్ను లేకపోవడం. మన కస్టమ్స్ లెక్క వేరు. విదేశంలో ఏడాది పైన ఉండి వచ్చేవాళ్లకే నగలకి సుంకం మినహాయింపు. భూమార్గంలో తిరిగి వచ్చేవాళ్లకి వాడుకున్న సొంత సామాను మాత్రమే సుంకం లేకుండా వస్తుంది. వారం రోజులు తిరిగి, గొలుసు వేసుకుని జైగావ్‌లో అడుగు పెడితే అది చెప్పి సుంకం కట్టాల్సిన సరుకే. ఇది నేను వివరంగా చెప్పేదాకా ఆవిడ నమ్మలేదు, చెప్పాక దుకాణం వైపు వెళ్దామని అడగలేదు. వెళ్లేటప్పుడు మెడలో ఉన్న నగలకి మాత్రం ఇంటి నుంచే ఫోటోలు తీసి పెట్టుకున్నాం.

తిరుగు రోజున మన వైపు ఒక అధికారి సంచులు తెరిపించాడు. ప్రార్థన జెండాలు, అమ్మ కప్పుకుని తిరిగిన శాలువా, ఖాళీ ఆవకాయ డబ్బా. డబ్బా మూత తీసి వాసన చూసి, ఎక్కడి వాళ్లని అడిగాడు. పర్లాకిమిడి అంటే అర్థం కాలేదు, బరంపురం అంటే తలూపాడు. గేటు దాటి జైగావ్‌లో అన్నం హోటల్లో కూర్చునేసరికి ఫోనులో గడియారం అరగంట వెనక్కి వెళ్లింది. బాబు అది చూసి, 'ఇంకో అరగంట ఉంది, మళ్లీ అటు వెళ్దామా?' అన్నాడు.